వాడరేవు చేరని విహారయాత్ర

విహారయాత్రకు బయలుదేరిన కుటుంబం గమ్యం చేరకూడదు. చేరిందంటే ఆ కుటుంబంలో ఏదో లోపం ఉందన్నమాట!

ఈ మాట చెబుతున్నది ఏ స్వామీజీయో ప్రొఫెసరో కాదు. చిలకలూరిపేటలో కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు రాగి తీగ చుట్టుకుంటూ బతికే గౌస్ బాషా అనే నేను. మోటార్లు చుట్టేవాడికి సిద్ధాంతాలెందుకయ్యా అని మీరు నవ్వవచ్చు. రోజుకు పది గంటలు ఒకేచోట కూర్చుని తీగ చుట్టి చూడండి, మీకూ పుట్టుకొస్తాయి.

ఈ మధ్య జనం బొత్తిగా పాడైపోతున్నారు. పొద్దున్నే కారెక్కుతారు, మధ్యాహ్నానికి ఎక్కడో దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. దారిలో ఏ ఊరు వచ్చిందో తెలియదు. ఆ ఊళ్లో మనవాళ్లెవరున్నారో పట్టదు. అడిగితే 'టైం లేదండీ' అంటారు. టైం లేనివాడికి సెలవెందుకు? మీరే చెప్పండి!

కాబట్టి దారిలో అడ్డం నిలబడి మనల్ని ఆపేవాళ్లు ఈ కాలానికి దొరికిన వరం. ఆ వరాన్ని పదింతలు చేసింది సెల్‌ఫోన్. అది లేని రోజుల్లో చుట్టం ఊరు రాగానే తల కిందికి వంచుకుంటే సరిపోయేది, బస్సు దాటిపోయేది. ఇప్పుడు మన తల ఏ ఊళ్లో, ఏ బండిలో, ఏ కిటికీ పక్కన ఉందో ముందురోజే అందరికీ తెలుసు. సైన్సు ఎంత ఎదిగింది!

దీనికి రుజువుగా 2004 ఏప్రిల్ చివరి శనివారం మా కుటుంబం చేసిన వాడరేవు యాత్రను మీ ముందు పెడుతున్నాను. శ్రద్ధగా చదవండి. వీలైతే పిల్లలకు చదివి వినిపించండి.

ముందుగా మా ఆవిడ ఖుర్షిదా గురించి రెండు మాటలు. ఆమెది కనిగిరి. అక్కడ కొండ మీద కోట ఉంది, కొండ కింద ఊరు ఉంది, ఊళ్లో బిందెల వరస ఉంది. ట్యాంకరు వస్తే నీళ్లు, రాకపోతే ఎదురుచూపులు. మా పెళ్లిచూపుల్లో మా వైపు పెద్దమనిషి ఒకాయన, 'పేట నుంచి సముద్రం ఎంత, యాభై కిలోమీటర్లు' అని నోరు జారాడు. ఆ ఒక్క మాటా ఆమె పట్టుకుంది. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. నగలడగలేదు, పట్టుచీరలడగలేదు. 'బిందె పట్టుకుని వరసలో నిలబడక్కర్లేని నీళ్లు ఒక్కసారి చూడాలండీ' అంది, అంతే.

నేనెప్పుడైనా కాదన్నానా? లేదు. 'సముద్రం ఎక్కడికి పోతుంది?' అన్నాను. పంతొమ్మిదేళ్లూ అదే అన్నాను. సముద్రం కూడా నా మాట నిలబెట్టింది. ఎక్కడికీ పోలేదు.

ఆ ఏడాది పిల్లల పరీక్షలయ్యాక ఇమ్మానియేలు సుమో మాట్లాడాను. ఇమ్మానియేలు మా వీధి చివర ఉంటాడు. మంచి డ్రైవరు, మర్యాదస్తుడు. నేను, ఖుర్షిదా, మా అమ్మ మౌలాబీ, పదో తరగతి పరీక్షలు రాసిన మా వాసిం, ఆరో తరగతి ఉజ్మా. పేట నుంచి పర్చూరు, పర్చూరు నుంచి చీరాల, చీరాల నుంచి వాడరేవు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే ఏడింటికి అలల్లో ఉండాలని ప్లాను.

ప్లాను వేసింది నేను. ఫోను మా అమ్మ దగ్గరుంది.

షాపు కోసం కొన్న సెల్‌ఫోన్ అది. అమ్మ ముందురోజు సాయంత్రం ఒక్క ఫోను చేసుకుంటానని తీసుకుంది. ఆమె ఫోను పట్టుకునే పద్ధతి వేరు. దాన్ని మూరెడు దూరంలో పెట్టి, అవతలివాళ్లకు నేరుగా వినపడేటంత గట్టిగా మాట్లాడుతుంది. 'రేపు మేం వాడరేవు పోతన్నాం, మీ ఊరి మీదగానే!' అని దారి పొడవునా ఉన్న చుట్టాలందరికీ చెప్పేసింది.

"ఎందుకు చెప్పావమ్మా?" అన్నాను.

"చెప్పకుండా పోతే దొంగల్లాగా పోయారంటారు గదరా!"

కాదనడానికి ఏముంది? ఐదింటి ప్రయాణం ఏడింటికి మొదలైంది. ఆరు కిలోమీటర్లు వెళ్లేసరికి రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నాగూర్ వలి చిన్నాన్న. పరుపులు కుడతాడు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకున్నవాడు పొద్దున్నే లేవడని మా వైపు పేరు.

"ఏరా, మా ఊరి మీదగా పోతా గడప తొక్కకుండా పోదామనే?"

"వచ్చేటప్పుడు దిగుతాం చిన్నాన్నా..."

"వచ్చేటప్పుడు సంగతి వచ్చేటప్పుడు. ఇప్పుడు టీ తాగి పో!"

మా ప్రాంతానికి కొత్తవాళ్ల కోసం ఒక వివరణ. మా వైపు టీ అంటే టిఫిను. టిఫిను అంటే భోజనం. భోజనం అంటే తిని, కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక వెళ్లడం. పొరపాటున ఎవరైనా 'భోజనానికి ఉండండి' అన్నారంటే పక్కబట్టలు తెచ్చుకోవాలి.

మగవాళ్లం వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చున్నాం. పిన్నికి మోకాళ్ల నొప్పులు. అందువల్ల ఖుర్షిదా లోపలికి వెళ్లింది. కోడలు పిల్ల అత్తవారింట కూర్చుంటే ఏం బాగుంటుంది? కాసేపటికి లోపల్నుంచి పెనం మీద అట్టు చుయ్యిమన్న చప్పుడు వచ్చింది. నేను ఆరు తిన్నాను. వేడివేడిగా, చాలా బాగున్నాయి.

వెళ్లొస్తామంటే చిన్నాన్న ఊరుకున్నాడా? ఉత్త చేతులతో పంపిస్తే ఆయన పరువేం కావాలి? అమ్మకు నడుం నొప్పని కొత్త పరుపు ఒకటి తెచ్చి సుమో పైకెక్కించి తాళ్లతో కట్టాడు. వద్దన్నాను. ఇంకోసారి వద్దంటే గొడవవుతుందని మళ్లీ అనలేదు. ఇమ్మానియేలు మాత్రం దిగి చుట్టూ తిరిగి చూసి, "ఎత్తు కొంచెం ఎక్కువైందన్నా" అన్నాడు. వినయం కొద్దీ చిన్న గొంతుతో అన్నాడు. ఎవరమూ పట్టించుకోలేదు.

పత్తి లోడు లారీని మీరు చూసే ఉంటారు. కింద లారీ ఉంటుంది. పైన దానికి రెండింతలు బోరాలుంటాయి. ఎదురుగా వస్తుంటే రోడ్డు మీదికి ఒక మేడ నడిచి వస్తున్నట్టు ఉంటుంది. అలాంటిదొకటి మాకు ఎదురైంది. ఇమ్మానియేలు మార్జిన్ దిగి దారిచ్చాడు. లారీ మమ్మల్ని రాసుకుంటూ వెళ్లింది. ఒక్క కుదుపు. అంతే!

నాలుగు ఫర్లాంగులు పోయాక వాసిం తల బయటికి పెట్టి, "నాన్నా, పరుపు లేదు" అన్నాడు.

పరుపు లారీ తాళ్లకు తగులుకుని పేట వైపు వెళ్లిపోతోంది. వదిలేద్దామన్నాను. "మీ చిన్నాన్న అడిగితే ఏం చెబుతావురా?" అంది అమ్మ. నిజమే, ఏం చెబుతాను? సుమో వెనక్కి తిరిగింది. చిన్నాన్న ఊరి మీదుగా హారన్ మోగిస్తూ దూసుకెళ్లాం. ఆయన మమ్మల్ని చూసి సంతోషంగా ఇంట్లోకి పరిగెత్తాడు. మేం భోజనానికి వచ్చేస్తున్నామనుకున్నాడు పాపం.

లారీ దొరికింది. ఎక్కడ దొరికింది? పేటలో, జిన్నింగు మిల్లు గేటు లోపల! మా ఇంటికి రెండు వీధుల అవతల!

పరుపు దించాం కాని వాచ్‌మన్ బయటికి తీసుకుపోనివ్వలేదు. "గేటు లోపలికొచ్చిన పత్తి మిల్లుదేనండీ" అన్నాడు.

"అది పరుపయ్యా బాబూ!"

"లోపలుండేది పత్తే గదండీ!"

వాదనలో న్యాయం ఉంది మరి. అప్పుడు మా అమ్మ సుమో దిగింది. ఆవరణలో పడి ఉన్న పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "ఇప్పుడు తూకమేసుకో నాయనా, నాతో కలిపి" అంది. వాచ్‌మన్ మారుమాట్లాడకుండా గేటు తీశాడు.

అప్పటికి పదకొండు. నాలుగు గంటలు ప్రయాణం చేసి బయలుదేరిన చోటికే క్షేమంగా చేరుకున్నాం. ఏ టూరిజం శాఖ చేయగలదండీ ఇంత భద్రమైన ఏర్పాటు? 'పోనీ ఇంటికెళ్లిపోదామా?' అన్నాను. ఉజ్మా ఏడుపు మొహం పెట్టింది. ఖుర్షిదా నా వైపు చూడలేదు. ముందున్న రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఇమ్మానియేలు ఆమెను అద్దంలో చూసి, నన్నడక్కుండానే బండి తిప్పాడు.

రెండోసారి చిన్నాన్న నిమ్మకాయ నీళ్లతో వదిలిపెట్టాడు. ఆ నీళ్లకు అరగంట పట్టింది.

ఇక మా మిరప సీమలో ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో తెలుసుకోండి. కల్లాలు నిండిపోయి కాయలు రోడ్డు మీదికి వస్తాయి. తారు రోడ్డు సగం బండ్లకు, సగం మిరపకాయలకు. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఎర్ర తివాచీ పరిచినట్టుంటుంది. దగ్గరికొస్తే ఆ పెద్దమనిషి ఎందుకు రాలేదో ముక్కుకు తెలుస్తుంది.

ఇమ్మానియేలు కాయలు తొక్కకుండా బండిని నత్తనడక నడిపిస్తున్నాడు. కాయలు ఎగదోస్తున్న రైతు తలెత్తి కిటికీలోకి చూశాడు. ఆదెయ్య. పదేళ్లుగా నా దగ్గరే మోటారు చుట్టించే మనిషి.

"దేవుడిలా వచ్చావయ్యా బాషా! నిన్న పొద్దుగూకే ఏళకి మోటారు కాలిపోయింది. గొడ్లకి నీళ్లు లేవు. ఒక్కసారి దిగి చూడు."

దేవుడంతటివాడితో పోల్చాక దిగకుండా ఎలా ఉంటాం? దిగి చూశాను. చూసినవాణ్ని ఊరుకోలేక విప్పాను. మోటారు అనేది విప్పితే గాని దాని మనసులో మాట చెప్పదు. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. రెండున్నర గంటలు పట్టింది. తీగ చుట్టడానికి పొలంలో కుదరదు గనక మోటారును మోసుకొచ్చి సుమోలో వెనక సీట్ల మధ్య పెట్టాం. విహారయాత్రకు మోటారును కూడా వెంటబెట్టుకెళ్లిన కుటుంబం జిల్లాలో మాదొక్కటే అయి ఉంటుంది.

ఈలోగా ఖుర్షిదా ఏం చేసింది? ఆదెయ్య భార్య వెంకటరావమ్మ, ఇంకా నలుగురు ఆడవాళ్లు కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని మంచి కాయల్లోంచి వేరు చేయాలి. నలుగురు పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూడటం బాగుండదని ఆమె కూడా కొంగు నడుముకు దోపి కూర్చుంది. రెండున్నర గంటలు ఏరింది. వెంకటరావమ్మ ఎంత మెచ్చుకుందో! పోయేటప్పుడు ఆదెయ్య ఒక బస్తా మిరపకాయలు బండిలో వేశాడు. డబ్బు మాటెత్తితే కొట్టేలా చూశాడు.

మూసిన సుమోలో కొత్త మిరపకాయల బస్తాతో ప్రయాణం చేశారా మీరెప్పుడైనా? తెరిస్తే వడగాలి, మూస్తే ఘాటు. తుమ్ములు అమ్మ దగ్గర మొదలై వరసగా డ్రైవరు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేవి. ఇమ్మానియేలు తుమ్మినప్పుడల్లా బండి రోడ్డు దిగి ఎక్కేది. వాసిం మోటారు మీద కూర్చున్నాడు. ఉజ్మా గౌను గ్రీజు పట్టి దాని అసలు రంగేమిటో అదే మరిచిపోయింది. ఇంత దగ్గరగా, ఇంత కలిసికట్టుగా మా కుటుంబం అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఖుర్షిదా మాత్రం రెండు చేతులూ కిటికీలోంచి బయటికి పెట్టి గాలికి ఆరబెడుతోంది. "సముద్రంలో కడుక్కుంటాలే" అంది ఉజ్మాతో. చేతులు మండుతున్నాయా అని నేను అడిగి ఉండాల్సింది. తుమ్ములతో తీరిక దొరకలేదు.

పర్చూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఇమ్మానియేలు బండి పక్కకు తీసి ఆపాడు. తల గోక్కున్నాడు.

"అన్నా, ఒక్క ఐదు నిమిషాలు. అదిగో, మా అత్తగారిల్లు. అల్లుడు ఇంటి ముందు నుంచి పోతా ఆగలేదంటే మా ఆవిడ నన్ను బతకనియ్యదు."

చూశారా మా నేల గొప్పతనం! మా చుట్టాలు అయిపోయారనుకుంటే డ్రైవరు చుట్టాలు అందుకున్నారు. డ్రైవరు ఆగాక పాసింజర్లు బండిలో కూర్చుంటే అంతకంటే అవమానం ఆ ఇంటికి ఉంటుందా? అందరం దిగాం.

ఇమ్మానియేలు అత్త అంకమ్మ గారు మమ్మల్ని చూడగానే కోడిని పట్టించింది. తెచ్చి నా చేతికిచ్చి, "మీ పద్ధతి మీకుంటది గదా బాబూ, నువ్వే కోసుకో" అంది. పేరు తెలియని మనిషి పద్ధతి తెలుసుకుని మరీ పెట్టే చేయి ఎన్ని ఊళ్లలో ఉంటుందండీ? ఈ ఒక్క విషయంలో నేను వెటకారం చేయడం లేదు.

ఖుర్షిదా అలవాటుగా లోపలికి వెళ్లింది, రోటి దగ్గర కూర్చుంది. కాసేపటికి అంకమ్మ గారి గొంతు బయటికి వినిపించింది.

"ఇదేందమ్మా, చేతులిట్టా కందిపోయినయ్యి! మీ ఆయనకి చూపిచ్చావా?"

"ఆయన మంచం మీద ఉన్నారండీ" అంది ఖుర్షిదా.

నేను మంచం మీద ఉన్న మాట వాస్తవమే. అంకమ్మ గారు ఆమె చేతులకు వెన్న రాసి, పీట వేసి కూర్చోబెట్టి, కూర తనే వండింది. ఆ రోజు మా ఆవిడను కూర్చోబెట్టిన మనిషి ఆమె ఒక్కతే. కూర అద్భుతం. నాకు కాలు ముక్క వేశారు. తిన్నాక కాస్త నడుం వాల్చక తప్పింది కాదు.

పర్చూరు సెంటర్ చేరేసరికి ఐదున్నర. అక్కడి నుంచి చీరాల రోడ్డు ఎదురుగా కనిపిస్తోంది. గాలి మారింది. ఉజ్మా ముక్కు ఎగబీల్చి, "నాన్నా, సముద్రం వాసన!" అంది. అంత దూరం నుంచి వాసన రాదని నేను శాస్త్రీయంగా వివరించాను.

తర్వాత కుటుంబ పెద్దగా నిర్ణయం ప్రకటించాను. అమ్మ అలిసిపోయింది. చీకటి పడితే అలలు కనిపించవు. పైగా బండిలో మోటారు ఉంది, అక్కడ ఆదెయ్య పశువులకు నీళ్లు లేవు. నోరులేని జీవాల కంటే మనకు సరదా ఎక్కువా?

"సముద్రం ఎక్కడికి పోతుంది?" అన్నాను.

ఖుర్షిదా చేతులు లోపలికి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇమ్మానియేలు ఈసారి అద్దంలోకి చూడకుండా బండి తిప్పాడు.

ఆ మోటారు నేను చుట్టింది సోమవారం. రెండు రోజులూ ఆదెయ్య పక్కవాళ్ల బోరు నుంచి నీళ్లు తెచ్చుకున్నాడు. అది వేరే విషయం.

ఇప్పుడు చెప్పండి, యాత్ర విజయవంతమైందా, లేదా? పరుపొచ్చింది, మిరపకాయలొచ్చాయి, మోటారు బేరం వచ్చింది, రెండు చోట్ల కడుపునిండా తిన్నాం. వాడరేవు వెళ్లి ఉంటే ఏమొచ్చేది? చెప్పుల్లో ఇసుక! షాపుకొచ్చిన ప్రతివాడికీ ఈ యాత్ర గురించి చెప్పాను. అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. మా సిద్ధాంతం పేటలో బాగా పేరు తెచ్చుకుంది.

జూన్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళితే తాళం వేసి ఉంది. వాసిం ట్యూషన్‌లో ఉన్నాడు. పక్కింటి సఫూరా గారు తాళం చెవి ఇచ్చి, 'అన్నం మూతపెట్టి ఉందట అన్నయ్యా' అన్నారు. ఎక్కడికెళ్లారంటే తెలియదన్నారు. తెలుసని మొహం చూస్తే తెలుస్తోంది.

ఐదింటికి ముగ్గురూ వచ్చారు. ఖుర్షిదా, ఉజ్మా, మా అమ్మ! ఇద్దరి చీరలూ, ఉజ్మా గౌనూ మోకాళ్ల దాకా తడిసి ఆరి, అంచుల్లో ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. ఎక్కడికెళ్లారని అడగాల్సిన పని లేకపోయింది.

"సుమో ఎవరిది?" అన్నాను.

"పల్లెవెలుగు బస్సండీ" అంది ఖుర్షిదా.

నాకు నవ్వొచ్చింది. పల్లెవెలుగు బస్సు కనపడ్డ ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది. సుమోకే సాధ్యం కానిది దానికెలా సాధ్యమైంది?

"ఆగింది. అన్ని ఊళ్లలోనూ ఆగింది. మేం దిగలేదు" అంది.

నేను అమ్మ వైపు తిరిగాను. దారి పొడవునా ఫోన్లు చేసిన మనిషి, చెప్పకుండా పోతే దొంగలంటారన్న మనిషి! "నాగూర్ వలి చిన్నాన్న చూస్తే ఏమనుకుంటాడమ్మా?"

"నువ్వుంటే దిగాలిరా. మగాడుండి దిగకపోతే మాటొచ్చుద్ది, ఆ మాట నీకే గదా. అందుకే గదా ఫోన్లు చేసింది. మేం ముగ్గురం ఆడోళ్లం. ముసుగేసుకుని కూచుంటే మమ్మల్నెవరు చూస్తారు?" అంటూ చీర అంచులో ఉప్పు దులిపి, "నేనీ ఊరొచ్చి యాభై ఏళ్లయింది. మీ నాయన కూడా అదే అనేవాడు, సముద్రం ఎక్కడికి పోద్దని" అంది.

అమ్మ కూడా సముద్రం చూడలేదని నాకు తెలియదు. ఒట్టు, తెలియదు. ఎప్పుడూ అడగలేదు గనక చెప్పలేదట.

ఆ రాత్రి అన్నం దగ్గర నేను మామూలుగా, ఏదో మాటవరసకు అన్నట్టు, "ఎట్లా ఉంది సముద్రం?" అన్నాను. ఖుర్షిదా మాట వెతుక్కుంది.

"అంత నీళ్లండీ" అంది. "అక్కడ మనవాళ్లెవరూ లేరు. నేను మధ్యాహ్నందాకా కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు."

దానికి నా దగ్గర సిద్ధాంతం లేకపోయింది.

మళ్లీ వెళ్తారా అంటే వెళ్తామన్నారు. నేనూ రావచ్చా అని అడిగాను. నలభై ఏడేళ్లవాణ్ని, పేటలో పేరున్న మెకానిక్కుని, సొంత ఇంట్లో సొంత భార్యను పర్మిషన్ అడిగాను. నాకూ సముద్రం తెలియదండీ. చెప్పలేదు కదూ మీకు?

"రండి" అంది. "కాని బస్సులో మా వెనక సీట్లో కూర్చోండి. దారిలో ఎవరన్నా పిలిస్తే మీరు దిగండి. మేం దిగం."

ఇంతకంటే తేలికైన షరతు ఉంటుందా? ఒప్పుకున్నాను. ఈ పొద్దున ఫోను ఇంట్లో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. తల మీద తువ్వాలు కప్పుకుని వాళ్లతో పల్లెవెలుగు ఎక్కాను. చిన్నాన్న ఊరు దాటింది. ఆదెయ్య పొలం దాటింది. అంకమ్మ గారి ఇల్లు దాటింది. పర్చూరు సెంటర్‌లో బస్సు ఆగింది. చీరాల రోడ్డు ఎదురుగా ఉంది. మీకు నిజం చెప్తున్నాను, చిన్నపిల్లాడిలా సీటు అంచుకు జరిగి కూర్చున్నాను.

"ఒరేయ్ గౌసూ! నువ్వేనంట్రా?"

హైస్కూల్లో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న ఫిలిప్. ఇప్పుడు పర్చూరులో పంతులు. ఇరవై ఏళ్లయింది చూసి. కిటికీ చువ్వలు పట్టుకుని నవ్వుతున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "దిగరా, ఒక్క నిమిషం! టీ తాగి పోదువుగాని!"

ముందు సీట్లో ఖుర్షిదా కదల్లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ ముసుగు సర్దుకుంది.

నేను దిగాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. కండక్టరు బెల్లు కొట్టాడు. ఉజ్మా కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఈ వ్యాసం ఫిలిప్ ఇంటి వరండాలో కూర్చుని, వాడి పిల్లల నోటుబుక్కులో రాస్తున్నాను. వాడి భార్య క్రిస్టీనా గారు లోపల పొయ్యి వెలిగించారు. స్కూల్లో మాస్టర్లను ఎలా ఏడిపించామో చెప్పి ఫిలిప్ పడీపడీ నవ్వుతున్నాడు. మంచివాడు. వాడి తప్పేమీ లేదు. చిన్నాన్నది లేదు, ఆదెయ్యది లేదు, అంకమ్మ గారిది అసలే లేదు. నన్నెవరూ ఎప్పుడూ మంచానికి కట్టేయలేదు. 'వద్దు, బస్సుంది' అనాలి. రెండే మాటలు. అవి నాకు నోరు తిరగవు. తిరగకపోవడాన్ని మర్యాద అనుకున్నాను, దాని ఖరీదు మా ఇంటి ఆడవాళ్లు వంటిళ్లలో నిలబడి కట్టారు.

ఇప్పుడు పదకొండయింది. వాళ్లు ఈపాటికి నీళ్లలో కాళ్లు పెట్టి ఉంటారు.